బ్యాంకు ఐదో రోజే డబ్బిస్తుంది సరే, గడువు 120 రోజులకు ఎందుకు మారింది?

ప్రశ్న: సార్, జీడిమెట్లలో మాకు అట్టపెట్టెల యూనిట్ ఉంది. మా అమ్మకాల్లో 40 శాతం ఒకే కంపెనీకి వెళ్తుంది, లిస్టయిన మందుల కంపెనీ, పేరు రాయను. నెలకి 20 లక్షల బిల్లు. కాగితం మీద గడువు 60 రోజులు, డబ్బు చేతికొచ్చేసరికి 75 అవుతుంది. ఇప్పుడు వాళ్ళు ‘వెండర్ ఫైనాన్స్ ప్రోగ్రామ్’ అని ఒకటి పెట్టారు. బిల్లు పోర్టల్లో ఓకే అయిన ఐదో రోజున ఒక బ్యాంకు మాకు డబ్బు వేస్తుంది, 9.5 శాతం లెక్కన వడ్డీ ముందే పట్టుకుంటుంది, కంపెనీ ఆ బ్యాంకుకి 120వ రోజున కడుతుంది. దీంతోపాటు పీఓల్లో (కొనుగోలు ఆర్డర్లలో) గడువు 120 రోజులకి మారుస్తున్నామని మెయిల్ కూడా వచ్చింది. కంపెనీ సెప్టెంబర్ ఫలితాల్లో క్యాష్ ఫ్లో బ్రహ్మాండంగా ఉంది, ఆడిటర్లు కూడా చూశారు, కళ్ళు మూసుకుని సంతకం పెట్టండి అంటున్నాడు మా అల్లుడు. నా దగ్గర ఆ కంపెనీ షేర్లు కూడా కొన్ని ఉన్నాయి. మా సీసీ (బ్యాంకు క్యాష్ క్రెడిట్) వడ్డీ 11 శాతం, మార్జిన్ ఆరు శాతం. సీసీ లిమిట్ ఖాళీ అవుతుంది కదా, ఆ డబ్బుతో ఒక ఆటోమేటిక్ మెషీన్ కొందామని ఉంది. సంతకం పెట్టమంటారా?

జవాబు: కళ్ళు తెరిచే పెట్టండి, అదీ ఒక కాగితం మీదే. మీకు వచ్చింది ఒక పథకంలా కనిపిస్తోంది గానీ నిజానికి అవి రెండు వేర్వేరు కాగితాలు. ఒకటి బ్యాంకుతో ఒప్పందం, అంటే మీ బిల్లుని బ్యాంకు ముందుగా డిస్కౌంట్ చేసి డబ్బివ్వడం. రెండోది పీఓ సవరణ, అంటే కంపెనీ మీకు బాకీ తీర్చాల్సిన గడువు 60 నుంచి 120కి మారడం. మొదటిదాన్ని కొన్ని షరతులతో ఒప్పుకోవచ్చు. రెండోదాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోకండి.

ఎందుకంటే బ్యాంకు ఒప్పందంలో, సాధారణంగా చివరి పేజీల్లో, ఈ సదుపాయం ‘అన్‌కమిటెడ్’ అని ఒక ముక్క ఉంటుంది. బ్యాంకు తనకి ఇష్టం లేకపోతే ఏ బిల్లునైనా డిస్కౌంట్ చేయకుండా వదిలేయొచ్చు, మొత్తం ప్రోగ్రామ్‌నే ఆపేయొచ్చు. కంపెనీ రేటింగ్ ఒక మెట్టు దిగినా, ఆ కంపెనీకి బ్యాంకు పెట్టుకున్న లిమిట్ నిండిపోయినా అదే జరుగుతుంది. అలా ఆగిన రోజున మీ ఐదు రోజుల డబ్బు పోతుంది, పీఓలో రాసిన 120 రోజులు మాత్రం పోవు. అప్పుడు మీరు వెళ్ళి ‘పాత అరవై రోజులకే ఇవ్వండి సార్’ అని అడిగితే పర్చేజ్‌లో ఎవరూ తలెత్తి చూడరు, ఎందుకంటే ఆ రోజుకి వాళ్ళకే డబ్బు కటకటగా ఉంటుంది.

ముందు మీ లెక్క చూద్దాం. 20 లక్షల బిల్లుకి ఐదో రోజు నుంచి 120వ రోజు దాకా, అంటే 115 రోజులకి, 9.5 శాతం చొప్పున బ్యాంకు పట్టుకునేది దాదాపు 59,900 రూపాయలు. మొదటి ఐదు రోజులు మీ సీసీ వడ్డీ ఇంకో మూడు వేలు. మొత్తం 63 వేలకి కొంచెం తక్కువ. ఇప్పుడు మీరు 75 రోజులు ఆగుతున్నారు, సీసీ మీద 11 శాతం కడుతున్నారు, అది 45,200. అంటే రేటు తక్కువైనా ఖర్చు పెరిగింది, రోజులు పెరిగాయి కాబట్టి. ‘మా సీసీ 11 శాతం, వీళ్ళది 9.5 శాతమే కదా’ అని చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. 20 లక్షల మీద మీ ఆరు శాతం మార్జిన్ లక్షా ఇరవై వేలు, అందులో సగం ఈ డిస్కౌంట్‌కే పోతోంది. అదే గడువు 45 రోజులే ఉండి, ఐదో రోజున డిస్కౌంట్ చేయించుకుంటే బ్యాంకుకి పోయేది 20,800 మాత్రమే. తేడా ఎక్కడుందో చూశారా? పథకంలో లేదు, గడువులో ఉంది. ఆ అదనపు 75 రోజుల వడ్డీ న్యాయంగా కంపెనీది. గడువు కావాల్సింది వాళ్ళకి. వడ్డీ మీరు కడుతున్నారు.

ఇంకో సంగతి మీ అల్లుడు గమనించి ఉండడు. మీ సీసీ లిమిట్ మీద మీరు నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తారు కదా, దాంట్లో రావాల్సిన బిల్లుల మీద డ్రాయింగ్ పవర్, అంటే మీరు ఎంతవరకు వాడుకోవచ్చో, లెక్క కడతారు. చాలా బ్యాంకుల్లో 90 రోజులు దాటిన బిల్లుల్ని ఆ లెక్కలోంచి తీసేస్తారు. రేపు వెండర్ ఫైనాన్స్ ఆగిపోయి, మీ బిల్లులు 120 రోజులకి వెళ్ళాయనుకోండి, వాటిలో 90 దాటిన ప్రతి బిల్లూ మీ డ్రాయింగ్ పవర్‌లోంచి జారిపోతుంది. ఒక బ్యాంకు డబ్బివ్వడం ఆపుతుంది, అదే సమయంలో రెండో బ్యాంకు మీ లిమిట్ తగ్గిస్తుంది. క్రాఫ్ట్ పేపర్ మిల్లుకి మాత్రం మీరు టైముకి కట్టాలి, వాళ్ళు మీ కష్టాలు వినరు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

పైగా మీ బుక్ డెట్స్ (మీకు రావాల్సిన బాకీలు) మొత్తం ఇప్పటికే మీ బ్యాంకుకి హైపోథికేట్ అయి, అంటే హామీగా రాసిచ్చి, ఉంటాయి. వాటిలోంచి ఈ కంపెనీ బిల్లుల్ని ఇంకో బ్యాంకుకి రాసివ్వాలంటే మీ బ్యాంకు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. అది లేకుండా సంతకం పెడితే సీసీ ఒప్పందం మీరినట్టే. ఈ మాట పర్చేజ్ వాళ్ళు మీకు చెప్పరు, అది వాళ్ళ తలనొప్పి కాదు మరి.

చట్టం సంగతి. మీ టర్నోవర్ మీరు రాసిన లెక్క ప్రకారం ఏడాదికి ఆరు కోట్ల దగ్గర తేలుతోంది. 2025 ఏప్రిల్ 1 నుంచి మారిన పరిమితుల ప్రకారం పది కోట్ల లోపు టర్నోవర్, రెండున్నర కోట్ల లోపు పెట్టుబడి ఉంటే మీరు ‘మైక్రో’, అంటే సూక్ష్మ సంస్థ. చిన్న సంస్థల కోసం ఉన్న 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. కాబట్టి 120 రోజుల పీఓ సవరణ మీద మీ సంతకం ఉన్నా, చట్టం ముందు ఆ గడువు నిలబడదు. ఆమాటకొస్తే మీ పాత 60 రోజులు కూడా నిలబడవు. రోజులు లెక్కపెట్టాల్సింది సరుకు దిగిన రోజు నుంచి, స్టోర్స్ వాళ్ళు తీరిగ్గా జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రసీదు) కొట్టిన రోజు నుంచి కాదు. సరుకు మీద అభ్యంతరం ఏదైనా ఉంటే 15 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పకపోతే దిగిన రోజే స్వీకరించినట్టు లెక్క.

ఇదంతా విని వెంటనే చిన్న సంస్థల బాకీల ఫిర్యాదులు తీసుకునే సమాధాన్ పోర్టల్‌లో కేసు వేయమని చెప్తానేమో అనుకోకండి. 40 శాతం అమ్మకాలు ఒకరి చేతిలో ఉన్నప్పుడు కేసు వేసి గెలిచి ఆర్డర్ పోగొట్టుకునే తెలివి నేను చెప్పను. చట్టం మీ జేబులో ఉందని వాళ్ళకి మర్యాదగా తెలియజేస్తే చాలు. దానికో దారి ఉంది. ఆదాయపు పన్నులో 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి 43బి(హెచ్) అనే నిబంధన వచ్చింది. మైక్రో, చిన్న సంస్థలకి ఆ 15 లేదా 45 రోజుల్లో కట్టకపోతే, ఆ ఖర్చుని నిజంగా కట్టిన ఏడాదిలోనే మినహాయింపుగా చూపుకోవాలి. అందుకే పెద్ద కంపెనీల ట్యాక్స్ విభాగానికి మీలాంటి వాళ్ళ బాకీ మార్చి 31న కనపడితే చిరాకు. మీ ఉద్యమ్ (ఎంఎస్ఎంఈ రిజిస్ట్రేషన్) నంబర్ వాళ్ళ సప్లయర్ల జాబితా అయిన వెండర్ మాస్టర్‌లో ఎక్కిందో లేదో ఒకసారి కనుక్కోండి, ప్రతి ఇన్వాయిస్ మీదా అచ్చు వేయించండి. ఎక్కకపోతే మీరు వాళ్ళ లెక్కల్లో ‘ఇతరులు’ కింద పడి ఉంటారు, చట్టం ఎంత ఉన్నా మీ పేరు దగ్గరికి రాదు.

ఇక అల్లుడు గారి వాదన. ఇది కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే షేర్లు కూడా కొన్నారు మీరు.

నెలకి వంద కోట్ల సరుకు కొనే కంపెనీ అనుకుందాం. 60 రోజుల గడువుంటే ఏ రోజు చూసినా సప్లయర్లకి బాకీ 200 కోట్లు. గడువుని 120కి లాగితే 400 కోట్లు. అమ్మకాలు పెరగలేదు, లాభం పెరగలేదు, కానీ ఆ ఏడాది ఆపరేటింగ్ క్యాష్ ఫ్లోలో 200 కోట్లు వచ్చి పడతాయి. ఒక్కసారే, మళ్ళీ ఏడాది రావు. దీన్ని మామూలుగా అప్పు చేసి తెచ్చుకుంటే బ్యాలెన్స్ షీట్లో ‘బారోయింగ్స్’ అని పడుతుంది, రేటింగ్ వాళ్ళు చూస్తారు, డెట్-ఈక్విటీ రేషియో పెరుగుతుంది, ఉన్న లోన్ల కవనెంట్లు (షరతులు) ఇబ్బంది పెడతాయి. సప్లయర్ల బాకీగా ఉంటే ఎవరూ అడగరు. కంపెనీ ఫైనాన్స్ హెడ్‌కి ఈ పథకం ముద్దొచ్చేది ఇందుకే, మీ మీద ప్రేమతో కాదు.

మరి లెక్కల్లో దీన్ని అప్పు అనాలా, ట్రేడ్ పేయబుల్ (సప్లయర్ల బాకీ) అనాలా? దీనిమీద అకౌంటింగ్ ప్రమాణాల్లో గీత గీసినట్టు ఒక అంకె ఏమీ లేదు. సరుకు కొన్నందుకు కట్టాల్సిన బాకీ అయి, మామూలు వర్కింగ్ క్యాపిటల్ చక్రంలో భాగంగా ఉంటే ట్రేడ్ పేయబుల్. గడువు మిగతా సప్లయర్ల కంటే బాగా ఎక్కువైనా, బ్యాంకుకి అదనంగా సెక్యూరిటీ ఇచ్చినా, షరతులు మారిపోయినా అది అప్పు స్వభావంలోకి వస్తుంది. అంతర్జాతీయ ప్రమాణాల కమిటీ 2020 డిసెంబర్‌లో చెప్పింది ఇదే. మేనేజ్‌మెంట్ విచక్షణ అన్నమాట. ఆ విచక్షణ ఎటువైపు మొగ్గుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇందులో ఇంకో గమ్మత్తు ఉంది. నిజాయితీగా అప్పు కింద చూపించినా క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అందంగానే ఉండే వీలుంది. బ్యాంకు నేరుగా మీ ఖాతాలో వేసింది కాబట్టి ఆ రోజు కంపెనీ నుంచి నగదు ఏమీ కదల్లేదంటారు. 120వ రోజు బ్యాంకుకి కట్టినప్పుడు అది అప్పు తీర్చడం కనుక ఫైనాన్సింగ్ విభాగంలోకి పోతుంది. మీ పెట్టెల కోసం ఖర్చయిన డబ్బు ఆపరేటింగ్‌లో ఎప్పటికీ కనపడదు! బ్యాంకు తమ ఏజెంటుగా కట్టినట్టు చూపి, ఒకవైపు ఆపరేటింగ్‌లో ఖర్చు, మరోవైపు ఫైనాన్సింగ్‌లో రాబడి వేసే కంపెనీలూ ఉన్నాయి. ఏది పాటిస్తున్నారో అకౌంటింగ్ పాలసీల నోట్‌లో వెతకాలి.

ఇప్పుడు మధ్యంతర ఫలితాలు. సెబీ నిబంధనల ప్రకారం లిస్టెడ్ కంపెనీ క్వార్టర్ ముగిసిన 45 రోజుల్లో ఫలితాలు ఇవ్వాలి, ఏడాది ఫలితాలకి 60 రోజులు. జూన్, డిసెంబర్ క్వార్టర్లలో వచ్చేది లాభనష్టాల పట్టిక మాత్రమే. బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో సెప్టెంబర్‌కి ఒకసారి, మార్చికి ఒకసారి. అంటే కంపెనీ సప్లయర్లకి ఎంత బాకీ ఉందన్నది ఏడాదిలో రెండు రోజులే బయటికి కనపడుతుంది, సెప్టెంబర్ 30, మార్చి 31. మిగతా 363 రోజుల్లో ఆ బాకీ ఎక్కడుందో వాళ్ళకే తెలియాలి. సెప్టెంబర్ చివరి వారంలో చెల్లింపులు ఆపి అక్టోబర్ మొదటి వారంలో వదిలితే క్యాష్ ఫ్లో ఎలా ఉంటుందో సప్లయర్‌గా మీకు తెలియంది కాదు, ఆ వారాల్లో ఫోన్లు ఎత్తరు కదా.

‘ఆడిటర్లు చూశారు’ అన్నది సగం నిజం. క్వార్టర్ ఫలితాల మీద జరిగేది లిమిటెడ్ రివ్యూ. మేనేజ్‌మెంట్‌ని ప్రశ్నలడగడం, అంకెల పోకడ పోల్చి చూడటం వరకే, బ్యాంకులకీ సప్లయర్లకీ ఉత్తరాలు రాసి బాకీలు నిర్ధారించుకునే పూర్తి ఆడిట్ కాదు. మార్చి క్వార్టర్ అంకె ఇంకా తమాషా. ఆడిట్ అయిన పూర్తి ఏడాది అంకెలోంచి అప్పటికే ప్రచురించిన తొమ్మిది నెలల అంకె తీసేస్తే మిగిలింది అది, ఫలితాల కింద నోట్‌లో ‘బ్యాలెన్సింగ్ ఫిగర్’ అని వాళ్ళే రాస్తారు. ఇండ్ ఏఎస్ 34 అనే మన అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం మధ్యంతర ఫలితాలకి కూడా వార్షిక లెక్కల పాలసీలే వాడాలి, క్వార్టర్ కోసం వేరే పద్ధతి పెట్టుకోకూడదు. పన్ను మాత్రం ఏడాది మొత్తానికి అంచనా వేసిన సగటు రేటుతో వేస్తారు. అదంతా సవ్యంగానే ఉంటుంది చాలా కంపెనీల్లో. ఇబ్బంది కొలవడంలో కాదు, చెప్పడంలో. సెబీ ఫార్మాట్ ఆ ప్రమాణం కొలతల్ని పాటిస్తుంది గానీ వివరాల నోట్స్ అన్నీ అడగదు, కాబట్టి రెండు పేజీల ఫలితాల్లో వెండర్ ఫైనాన్స్ అన్న మాటే కనపడకపోవచ్చు, అయినా ఏ తప్పూ జరిగినట్టు కాదు.

కనపడకపోయినా పట్టుకోవచ్చు. మీరు పంపిన ఫలితాల అంకెలు ఇక్కడ వేస్తే కంపెనీ ఏదో తెలిసిపోతుంది, అందుకని గుండ్రటి అంకెలతో చెప్తాను, మీరు అసలు అంకెలు పెట్టుకుని చూసుకోండి. పోయిన మార్చికి ట్రేడ్ పేయబుల్స్ 230 కోట్లు, ఏడాది మొత్తం సరుకు ఖర్చు 1,150 కోట్లు అనుకోండి. 230ని 1,150తో భాగించి 365తో గుణిస్తే 73 రోజులు. సెప్టెంబర్‌కి పేయబుల్స్ 410 కోట్లు, అర్ధ సంవత్సరం సరుకు ఖర్చు 615 కోట్లు. ఈసారి 183 రోజులతో గుణించాలి, 122 రోజులు వచ్చింది. పాత 73 రోజుల చొప్పునే కడుతూ ఉంటే బాకీ 245 కోట్ల దగ్గర ఉండేది. మిగతా 165 కోట్లు వ్యాపారం సంపాదించింది కాదు, మీలాంటి వాళ్ళ గడువు సాగదీస్తే మిగిలింది. మీ అల్లుడు బ్రహ్మాండం అంటున్న క్యాష్ ఫ్లోలోంచి దాన్ని తీసేసి, మిగిలింది ఎంతో చూడమనండి. అలాగే బ్యాలెన్స్ షీట్‌లో సూక్ష్మ, చిన్న సంస్థల బాకీ విడిగా ఒక వరుసలో ఉంటుంది. అది ఎంత పెరిగిందో కూడా చూడండి. ‘అదర్ ఫైనాన్షియల్ లయబిలిటీస్’ ఒక్కసారిగా ఉబ్బితే, యాక్సెప్టెన్సులూ (కడతామని ఒప్పుకున్న బిల్లులు) సప్లయర్స్ క్రెడిట్టూ అక్కడ దాక్కున్నాయేమో అనుమానించాలి.

ఇంత కష్టపడి లెక్క కట్టాల్సిన అవసరం మెల్లగా తగ్గుతోంది, మనకి ఏడాదికి ఒకసారే అయినా. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల బోర్డు అయిన ఐఏఎస్‌బీ 2023 మేలో ప్రమాణాలు మార్చింది, మన కార్పొరేట్ వ్యవహారాల శాఖ అదే మార్పుని 2025 ఆగస్టులో నోటిఫై చేసింది, 2025 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ఆర్థిక సంవత్సరాలకి వర్తిస్తుంది. ఇండ్ ఏఎస్ 7లో చేరిన ఆ పేరాల ప్రకారం సప్లయర్ ఫైనాన్స్ షరతులేమిటి, దాని కింద ఉన్న బాకీ ఎంత, బ్యాలెన్స్ షీట్‌లో ఏ వరుసలో కూర్చుంది, అందులో సప్లయర్లకి బ్యాంకు ఇప్పటికే కట్టేసిన భాగం ఎంత, పథకంలో ఉన్నవాళ్ళ గడువు ఎన్ని రోజులు, లేనివాళ్ళది ఎన్ని రోజులు, ఇవన్నీ వార్షిక నివేదికలో చెప్పాలి. ఆ చివరి రెండూ మీకు బంగారం. పథకంలో లేని సప్లయర్లకి 45 నుంచి 60 రోజులు, ఉన్నవాళ్ళకి 120 అని వాళ్ళే రాస్తే, అది మామూలు వ్యాపార గడువు కాదని వాళ్ళే ఒప్పుకున్నట్టు. అమెరికాలో 2022లో వచ్చిన నిబంధన ప్రకారం ఈ బాకీ మొత్తాన్ని ప్రతి క్వార్టర్ ఫలితాల్లోనూ చెప్పాలి. మనకి ఆ షరతు లేదు. ఉంటే బాగుండేది, మూడు నెలల్లో పుట్టి మునిగే సంగతిని ఏడాదికోసారి చెప్తే ఏం లాభం.

ముంచిన కథలూ ఉన్నాయి మరి. బ్రిటన్‌లో కారిలియన్ అనే నిర్మాణ, సేవల కంపెనీ 2018 జనవరిలో కూలిపోయింది. వాళ్ళ సప్లయర్ల గడువు 120 రోజులు, ముందే కావాలంటే డిస్కౌంట్ మీద బ్యాంకు ఇస్తుంది, అచ్చం మీకొచ్చిన మెయిలే. కూలిన రోజున దాదాపు 700 కోట్ల పౌండ్ల బాధ్యతలు, బ్యాంకులో 2.9 కోట్ల పౌండ్ల నగదు, దిక్కుతోచక నిలబడ్డ సప్లయర్లూ సబ్ కాంట్రాక్టర్లూ 30 వేల మంది. బ్యాంకులకి కట్టాల్సిన డబ్బుని అప్పులో కాక ‘ఇతర బాకీ’ల్లో చూపారని రేటింగ్ సంస్థలు తర్వాత తప్పుపట్టాయి. తర్వాత అంటే, అయిపోయాక. బ్రెజిల్‌లో అమెరికానాస్ అనే రిటైల్ సంస్థ 2023 జనవరి 11న తన లెక్కల్లో 2,000 కోట్ల రియాళ్ళ తేడా ఉందని ప్రకటించింది, దాని మూలం ఈ సప్లయర్ ఫైనాన్స్ లావాదేవీల్లోనే. అప్పటికి పదవిలోకొచ్చి పది రోజులు కూడా కాని సీఈఓ అదే రోజు రాజీనామా చేశాడు, ఆ నెలలోనే కంపెనీ కోర్టు రక్షణ కోరింది. మీ కంపెనీ అలాంటిదని నేను అనడం లేదు. చాలా మంచి కంపెనీలు ఈ ప్రోగ్రామ్‌లు నడుపుతాయి, సప్లయర్లూ సంతోషంగానే ఉంటారు. కానీ మీది మూడింతల రిస్కు. మీ అమ్మకాల్లో 40 శాతం వాళ్ళదే, మీ క్యాష్ వాళ్ళ రేటింగ్ మీద ఆధారపడబోతోంది, పైగా వాళ్ళ షేర్లు మీ చేతిలో. షేర్ల సంగతి నన్నడిగితే అమ్మేయండి. కంపెనీ చెడ్డదని కాదు, మీ అన్నం అప్పటికే అక్కడ ఉంది, మిగతా పొదుపైనా ఇంకోచోట ఉండాలి.

మరి ఇప్పుడేం చేయాలి. పర్చేజ్‌కి ఫోన్ చేయకండి, మెయిల్ రాయండి, వాళ్ళ ఫైనాన్స్ వాళ్ళని కూడా కాపీలో పెట్టండి. వెండర్ ఫైనాన్స్‌లో చేరడానికి సిద్ధమని మొదటి వాక్యంలోనే చెప్పండి, అప్పుడు మిగతాది చదువుతారు. తర్వాత మీ ఉద్యమ్ నంబర్ ఇచ్చి, మైక్రో సంస్థ కాబట్టి పీఓలో గడువు 45 రోజులుగా ఉంచమని, బ్యాంకుకి తాము కట్టే తేదీ అంతకంటే ఎక్కువ పెట్టుకోదలిస్తే ఆ అదనపు రోజుల వడ్డీ తామే భరించమని అడగండి. ఇది వింత కోరిక కాదు, వడ్డీ కొనేవాళ్ళు భరించే ఏర్పాట్లు చాలాచోట్ల ఉన్నాయి. ఇంకో వాక్యం తప్పక పెట్టండి: ఏ కారణంతోనైనా ప్రోగ్రామ్ ఆగినా, ఏదైనా బిల్లుని బ్యాంకు డిస్కౌంట్ చేయకపోయినా, ఆ బిల్లు గడువు సరుకు దిగిన తేదీ నుంచి 45 రోజులుగానే ఉండాలి. వాళ్ళు మొదటిదాన్ని బేరమాడితే ఆడనివ్వండి, వడ్డీ చెరిసగం అన్నా నష్టం లేదు. ఈ రెండో వాక్యం మీద మాత్రం తగ్గొద్దు.

బ్యాంకు ఒప్పందంలో ‘వితౌట్ రికోర్స్’ అన్న మాట కోసం చూడండి. కంపెనీ 120వ రోజున కట్టకపోతే బ్యాంకు మీ దగ్గరికి రాకూడదు. ‘విత్ రికోర్స్’ అని ఉంటే ఇంకేమీ చదవకండి, అది మీ అప్పే, పేరు మార్చారంతే, తిప్పి పంపేయండి. అలాగే ఐదు రోజులు ఎప్పటినుంచి లెక్క? పోర్టల్‌లో బిల్లు ఓకే అయిన రోజు నుంచా, సరుకు దిగిన రోజు నుంచా? స్టోర్స్‌లో సరుకు దిగి, క్యూసీ (నాణ్యత తనిఖీ) అయి, జీఆర్ఎన్ పడి, ఆ తర్వాత అకౌంట్స్‌లో ఒకాయన సెలవు నుంచి వచ్చి ఓకే నొక్కేసరికి ఇరవై రోజులు పడితే మీ ఐదు రోజులు ఇరవై ఐదు అవుతాయి. ఓకే చేయడానికి ఒక గరిష్ఠ గడువు రాయించుకోండి.

ఇవేవీ ఒప్పుకోకపోతే ట్రెడ్స్ అడగండి. రిజర్వ్ బ్యాంక్ అనుమతితో నడిచే వేదికలు ఇవి, ఆర్ఎక్స్ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్వాయిస్‌మార్ట్ లాంటివి. మీ బిల్లుని కంపెనీ అక్కడ ఒప్పుకుంటే చాలా బ్యాంకులు పోటీపడి రేటు వేస్తాయి, మీరు తక్కువ దాన్ని ఎంచుకుంటారు, మీ మీద రికోర్స్ ఉండదు. 250 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న కంపెనీలు 2025 మార్చి 31 లోపు వాటిలో చేరాలని కేంద్రం ఆదేశించింది కాబట్టి మీ కంపెనీ పేరు అక్కడ ఉండి తీరాలి. చేరడం వేరు, బిల్లులు పెట్టడం వేరు, అది నిజమే. సొంత బ్యాంకుతో సొంత ప్రోగ్రామ్ నడుపుకుంటే షరతులు వాళ్ళ చేతిలో ఉంటాయి, ట్రెడ్స్‌లో ఉండవు, అందుకే పర్చేజ్ వాళ్ళు దాని మాట ముందుగా ఎత్తరు. మీరే ఎత్తండి.

మెషీన్ మాత్రం ఈ డబ్బుతో వద్దు. ఖాళీ అయిన సీసీ లిమిట్ మీ డబ్బు కాదు, ప్రోగ్రామ్ నడిచినన్నాళ్ళు ఖాళీగా కనపడుతుంది, ఆగిన నెలలో మొత్తం మళ్ళీ కావాలి. మెషీన్‌కి టర్మ్ లోన్ వేరుగా తీసుకోండి, అయిదేళ్ళ ఈఎంఐ మీద, సీజీటీఎంఎస్ఈ (చిన్న సంస్థల రుణ హామీ ట్రస్టు) గ్యారంటీ కింద తాకట్టు లేకుండా వస్తుందేమో మీ బ్యాంకులో అడగండి. ఎన్ఓసీ కోసం ఎలాగూ మేనేజర్ దగ్గరికి వెళ్ళాలి కదా, రెండూ ఒకేసారి మాట్లాడుకుని రండి. ఆ ఎన్ఓసీ చేతికి వచ్చాకే కంపెనీకి సంతకం చేసిన కాగితాలు పంపండి.